సాంచాకు సరిగమలు

సూరత్‌లో హారతి నోటికి జంకని తెలుగువాడు లేడు. ఎవడైనా జంకలేదంటే వాడింకా ఆమెకు ఎదురుపడలేదని లెక్క.

లింబాయత్‌లో రెండు గదుల ఇల్లు వాళ్లది. తండ్రి సోమలింగం ముప్పయ్యేళ్లుగా సాంచా నడుపుతున్నాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతవాళ్లు మరమగ్గాన్ని సాంచా అనే అంటారు. ఆ మోతలో బతికీ బతికీ ఆ ఇంట్లో ఉప్పు అడిగినా అరిచే అడుగుతారు. తల్లి ఐలమ్మ ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికిస్తుంది. హారతి బీకాం చదివి, సలాబత్‌పురాలో ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది.

వాడలో ఎవరికి గుజరాతీలో నోటీసు వచ్చినా హారతే చదివి చెప్పాలి. హారతి చెప్పిందంటే దానికి తిరుగు లేదు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

అంతటి హారతి ఒక బుధవారం నాడు ఫోన్‌లో ఒక వార్త చదివి భగ్గుమంది.

సాంచాల చప్పుడును సర్కారు ఇకమీదట సంగీతంగా గుర్తిస్తుందట. లయ తప్పకుండా మోగుతుంది గనుక సాంచా ఒక వాద్యమట. కాబట్టి నడిపేవాళ్లంతా నెలాఖరులోగా ముగ్గురు విద్వాంసుల ముందు సరిగమలు పాడి సర్టిఫికెట్ తీసుకోవాలట. తీసుకోకపోతే సాంచాకు సీలట!

ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవాళ్లు. కానీ హారతి పుట్టింది సోమలింగం ఇంట్లో. ఆయన పక్క గదిలో కూర్చుని, చప్పుడు విని, ఏ సాంచాకు ఏ బోల్టు వదులైందో చెప్పేస్తాడు. "చెవి లేనోనికి సాంచా ఎందుకురా" అని కొత్తగా పనిలో చేరినవాళ్లను కసురుతాడు. అలాంటి ఇంట్లో చెవికి పరీక్ష పెడతామంటే ఎవరికీ వింతగా తోచలేదు. "గిన్నేండ్లకు అడిగిండ్రు" అని సోమలింగం లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా.

హారతి మాత్రం గర్వపడలేదు. సూరత్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో గంటసేపు టైపు చేసి నిప్పులు కురిపించింది. ఆదివారం తెలుగు సంఘం హాల్లో మీటింగ్, సోమవారం పొద్దటి షిఫ్టు బందు, అందరూ కలెక్టర్ ఆఫీసు ముందు ధర్నా. ఒకరిద్దరు కింద నవ్వు బొమ్మలు పెట్టారు. వాళ్లను నిలబెట్టి కడిగేసింది. తర్వాత ఆ బొమ్మలు మాయమయ్యాయి.

సోమలింగం ఆ రోజు నుంచే కళ్లజోడు పెట్టుకుని యూట్యూబ్ ముందు కూర్చున్నాడు. యాభై ఆరేళ్ల వయసులో స, రి, గ, మ అంటూ మొదలుపెట్టాడు.

"గా రాగాలేందయ్యా, పక్కింటోళ్లు భయపడుతుండ్రు" అంది ఐలమ్మ.

"ధర్నా చేసేది బిడ్డ. పరీక్షల పాడేది నేను. ఏది గెలుస్తదో ఎవనికెరుక?" అన్నాడాయన.

గురువారం మధ్యాహ్నం హారతికి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. పేరు కిరీటి. ఊరవతల హజీరాలో ఒక పెద్ద కంపెనీలో ఇంజనీరు, ఇల్లు అడాజన్‌లో. డీపీలో మనిషి లేడు, ఒక పెద్ద క్రేన్ ఉంది.

'హారతి గారూ, నమస్తే. మీ కోపం న్యాయమైనదే. కానీ ఈ వార్త విషయంలో మీతో గౌరవంగా విభేదిస్తున్నాను...'

పెద్ద మెసేజ్. ఫోన్ అక్కడికి మడిచి 'ఇంకా చదవండి' అంది. హారతి చదవలేదు. గౌరవంగానట, విభేదిస్తాడట! ఆ రెండు ముక్కలకే ఒళ్లు మండిపోయింది. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పడేసింది. కింద రాసింది:

'కిరీటి సార్, ఏసీ గదిలో కూసున్నోళ్లకు సాంచా చప్పుడు వినవడదు. మీ గౌరవం మీ జేబుల పెట్టుకోర్రి. దమ్ముంటే ఆదివారం సంఘం హాలుకు వచ్చి, మా బాపు ముంగట చెప్పుర్రి.'

చప్పట్ల బొమ్మలు ముప్పయి దాకా పడ్డాయి. కిరీటి ఒకే ఒక్క ముక్క రాశాడు: 'తప్పకుండా వస్తానండి.'

"వస్తడంట! చినుకు పడితే కారు దిగడు, వస్తడంట!" అని ఆ రోజంతా దుకాణంలో నవ్వుతూనే ఉంది.

ఆదివారం నిజంగానే వాన కుమ్మరించింది. సంఘం హాల్లో కుర్చీలు ఇంకా వేయలేదు. మైకు పలకడం లేదు. టెంట్‌హౌస్ నుంచి రావలసిన మైకు మనిషి పత్తా లేడు. జనం ఒక్కొక్కరే గొడుగులు దులుపుకుంటూ వస్తున్నారు.

అప్పుడు గుమ్మంలో ఒకడు నిలబడ్డాడు. సిటీ బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నాడు, తల నుంచి కాళ్ల దాకా నీళ్లు కారుతున్నాయి. చేతిలో గొడుగు ఉంది గానీ సగం చువ్వలు విరిగి ఉన్నాయి.

"ఏందయ్యా, తొమ్మిదింటికి రమ్మంటే పదింటికా వచ్చేది?" హారతి విరుచుకుపడింది. "మైకు అగో, గక్కడుంది. జర సూడు."

"అది కాదండీ, నేను..."

"వైరు సూడవయ్యా ముందుగాల! ముచ్చట్లు తర్వాత."

అతను వైరు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. గొడుగు మూలన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో మైకు ఖంగుమంది.

"పనిచేస్తోందండి."

"అండి గిండి బంద్ చెయ్. గా కుర్చీలు వెయ్యి, వరసకు పది."

అతను కుర్చీలు వేయడం మొదలుపెట్టాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అయినా చిన్నగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు హారతికి నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే చిరాకేసింది, ఇంకాస్త కసిరింది.

"నవ్వుతవేంది? జల్ది కానియ్. హజీరా నుంచి ఒక దొర వస్తడంట. గా దొరను గీ కుర్చీల నడుమ నిలవెట్టి అడగాలె."

"ఏం చేశాడండీ పాపం?"

"పాపమా! నాతోని గౌరవంగ విభేదిస్తడంట. తిట్టెటోడు తిట్టాలె, లేకుంటే ఊకోవాలె. నడుమల గౌరవమేంది? మనను మనుషుల లెక్క సూడనోళ్లే గిట్ల మెత్తగ మాట్లాడుతరు."

"ఆ మెసేజ్ చివరిదాకా చదివారా మీరు?"

"సదివేదేంది, మొదటి ముక్కకే తెలుస్తలేదా..." హారతి ఆగిపోయింది. "మెసేజ్ అని నీకెవలు చెప్పిండ్రు?"

అతను చేతిలోని కుర్చీని మెల్లగా కింద పెట్టాడు. "పంపింది నేనేనండి. కిరీటిని."

హారతి మైకు వంక చూసింది, వేసిన కుర్చీల వంక చూసింది.

"మరి మైకు ఎందుకు బాగు చేసినవ్?"

"మీరు చెప్పనివ్వలేదు కదండీ."

వెనక మూలన సోమలింగం కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ సరిగమలు మననం చేసుకుంటున్నాడు. కిరీటి ఆయన్ని చూసి నవ్వలేదు. గొంతు తగ్గించి, "ఒక్కసారి మిగతాది చదవండి, ప్లీజ్. మీటింగ్ మొదలు కాకముందే" అన్నాడు.

హారతి ఫోన్ తీసింది. 'ఇంకా చదవండి' మీద నొక్కింది.

'...ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, ఇవన్నీ నవ్వుకోవడానికి కల్పించిన వార్తలు అని రాసి ఉంది. పోయిన నెల నేనూ ఆ పేజీ చేతిలో మోసపోయాను. తాపీ నది మీది వంతెనలకు మధ్యాహ్నం కునుకు కోసం రెండు గంటల సెలవు అని రాస్తే నమ్మి, ఊళ్లోకి పనిమీద వచ్చినవాణ్ని రెండు గంటలు ఒడ్డునే ఆగి ఆఫీసుకు పోయాను. గ్రూపులో చెబితే మీకు చిన్నతనంగా ఉంటుందని విడిగా రాస్తున్నాను. మీ మాట అందరూ వింటారు. మీరే చెబితే బాగుంటుంది.'

వార్త తెరిచి కిందికంటా జరిపింది. ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. దాని పక్కనే ఇంకో వార్త: 'తాపీ నదికి ఆధార్ కార్డు. వేలిముద్రలు దొరకక అధికారుల అవస్థ.'

అరవై మంది తన మాట నమ్మి వానలో తడిసి వచ్చారు. రేపు షిఫ్టు మానుకోబోతున్నారు. ఇక వాడలో ఎవరు తన చేతికి కాగితం ఇస్తారు? నాలుగు రోజులుగా పాడుతున్న తండ్రి వైపు తల తిప్పడానికి కూడా ధైర్యం చాలలేదు.

"వానకి మీటింగ్ వాయిదా అనేయండి. నాలుగు రోజుల్లో మర్చిపోతారు. నేను బయట ఎవరికీ చెప్పను" అన్నాడు కిరీటి.

ఆమె అతని వైపు చూసింది. నలుగురిలో పరువు తీసినా వెక్కిరించకుండా, పైగా తప్పించుకునే దారి చూపిస్తున్నాడు. ఆ మంచితనానికి కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

"గా పని నాతోని కాదు" అని నేరుగా మైకు దగ్గరికి పోయింది.

"అందరు జర వినుర్రి. గా వార్త ఉత్తది. నవ్వుకోనీకి రాసింది. కింది దాంక సదవకుండ నేను నమ్మిన, మిమ్మల్ని నమ్మిచ్చిన. రేపు బందు లేదు, ధర్నా లేదు. కిరీటి గారు ముందుగాలనే చెప్పిండు. నేను సగమే సదివి, ఆయనను గ్రూపుల తిట్టిన. తప్పు నాది."

హాలు గొల్లున నవ్వింది. సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం ముందు వరసలోంచి లేచాడు. హారతి అతని లెక్కల్లో తప్పులు రెండుసార్లు పట్టుకుంది. ఇలాంటి రోజు కోసమే అతను కాచుకుని ఉన్నాడు.

"సదువుకున్న పిల్ల! గీమె సదివి చెప్తే మనం వినుడు! రేపటిసంది కాయిదాలు ఇంకెవలికన్న చూపెట్టుర్రి."

హారతి తల దించుకుంది. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు నెమ్మదిగా వినిపించింది.

"లక్ష్మీరాజం గారూ, ఈ మాటతో నేను గౌరవంగా విభేదిస్తున్నానండి."

తడిసిన చొక్కాతో కిరీటి నిలబడి ఉన్నాడు.

"మోసపోయినవాళ్లం చాలామందిమి ఉన్నాం. నేనైతే వంతెనలు నిద్రపోతాయంటే నమ్మాను, ఇవాళ్టి దాకా ఎవరికీ చెప్పుకోలేదు. ఈమె మైకు ముందుకొచ్చి చెప్పారు. నా కాగితం ఉంటే ఈమె చేతికే ఇస్తాను. మీరు గ్రూపులో ఆ వార్తకి మూడు చప్పట్లు కొట్టారు. అవి వెనక్కి తీసుకున్నారా?"

లక్ష్మీరాజం కండువా సర్దుకుని కూర్చున్నాడు. ఇక లేవలేదు.

సోమలింగం మెల్లగా చెయ్యెత్తాడు. "గంతే గాని బిడ్డా, మరి నా సరిగమలు? నాలుగు దినాలు కష్టపడి నేర్సుకుంటి!"

"పాడు సోమలింగం!" అన్నారందరూ. పాడాడు. మైకు బాగా పనిచేస్తోంది గనుక వీధి చివరిదాకా వినిపించింది.

ఆ సాయంత్రం హారతి గ్రూపులో కిరీటి మెసేజ్ మళ్లీ పెట్టింది, ఈసారి మొత్తం. కింద 'నేను సదవనిది గిదే. క్షమించుర్రి' అని రాసింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురు ఆడవాళ్లు రేషన్ ఫారాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లను చూసి హారతికి కళ్లు చెమర్చాయి. పైకి మాత్రం, "ఆధార్ కార్డు జిరాక్స్ ఏది? ఎన్నిసార్లు చెప్పాలె?" అని కసిరింది.

ఆ రోజు నుంచి కిరీటి కూడా ఏదో ఒక కాగితం తెచ్చేవాడు. కరెంటు బిల్లు, పాన్ కార్డు, ఒకసారి లాండ్రీ రసీదు.

"లాండ్రీ రసీదు సదవనీకి నేనెందుకు?"

"గుజరాతీలో ఉందండి."

"మూడేండ్లయింది సూరత్‌కు వచ్చి. సిగ్గు లేదా?"

"ఉండేది. మీతో పరిచయమయ్యాక పోయింది."

సలాబత్‌పురాలో, శనగపిండితో ఆవిరి మీద చేసే లోచో అమ్మే బండి దగ్గర నిలబడి రోజూ తగాదాలు పడ్డారు. లోచోకు వెన్న ఎక్కువ కావాలని ఆమె, తక్కువ చాలని అతను. ప్రతి తగాదా చివరా అతను 'గౌరవంగా' అనేవాడు, ఆమె పళ్లు నూరేది. ఆ పళ్లు నూరడం లేని రోజు ఇద్దరికీ పొద్దు గడవకుండా అయింది.

శ్రావణంలో ఒకనాడు వాన జోరుగా పడుతుంటే ఒకే రేకు కింద ఇద్దరూ ఇరుక్కున్నారు.

"హారతి గారూ, మీరంటే నాకు..."

"ఆగినవేంది? సగం మాట ఇని నేను ఇంక ఎవలను నమ్మ. మొత్తం చెప్పు."

"చాలా ఇష్టం. మీ నోరంటే భయం. మీ మనసంటే ఇష్టం. పెళ్లి చేసుకుంటే ఆ భయంతోనే బతుకుతానని మాట ఇస్తున్నాను. ఇంతే, కింద చిన్న అక్షరాలేం లేవు."

హారతి వాన వైపు తిరిగి నవ్వు దాచుకుంది. "గారు గీరు తీసెయ్. అప్పుడు ఆలోచిస్త" అంది. ఆలోచించడానికేమీ మిగల్లేదని ఇద్దరికీ తెలుసు.

ఇంట్లో చెప్పిన రోజు సోమలింగం అన్నం ముందు నుంచి లేచాడు. "వద్దు. వాళ్లది కంపెనీ కొలువు, మనది సాంచా. వాళ్లది రాజమండ్రి, మనది కరీంనగర్. రేపు నిన్ను తక్కువ సూస్తే నేను ఏ మొకంతోని అడగాలె? గీ పెండ్లి కాదు."

ఐలమ్మ గబగబా పోయి కిటికీ మూసింది. ఇక వాడంతా వినిపించే అరుపులు మొదలవుతాయని ఆమెకు తెలుసు.

హారతి నోరు తెరిచింది. మళ్లీ మూసింది. తండ్రి కంచం ముందు కూర్చుని, అన్నం మీద వాలబోతున్న ఈగను తోలింది.

"బాపూ, నువ్వు చెప్పింది మొత్తం విన్న. నీ భయం నాకు సమజైంది. కని గీ ఒక్క ముచ్చట్ల..." గొంతు సవరించుకుంది. "నీతోని గౌరవంగ విభేదిస్తున్న."

సోమలింగం తల పక్కకు వంచాడు, సాంచా మోతలో తేడా వినిపించినప్పుడు వంచినట్టే. ఇరవై నాలుగేళ్లలో ఈ పిల్ల గొంతు ఇంత నెమ్మదిగా పలకడం ఆయన విననేలేదు. మెల్లగా వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"ఐలమ్మా, కిటికీ తెరువు" అన్నాడు. ముద్ద కలుపుతూ కూతురి వైపు చూశాడు. "గా పిలగాణ్ని ఆదివారం అన్నానికి రమ్మను. నీ నోటికి గౌరవం నేర్పినోణ్ని నేను దగ్గర కూసోవెట్టుకొని సూడాలె."