పంపు మీద ఒకే చెయ్యి

పాలు మాడి, ఆ వాసన వీధి గుమ్మం దాకా వచ్చినా, ఆయన మాత్రం స్టవ్ పక్కనే కుర్చీలో కూర్చుని ముఖానికి అడ్డంగా పేపరు పట్టుకుని చదువుకుంటున్నాడు. స్నానం మధ్యలోనే పరుగెత్తుకొచ్చిన భార్య స్టవ్ కట్టేసి గిన్నెని సింకులో పడేసింది.

"పక్కనే ఉన్నారు కదండీ. ముక్కు ఎక్కడన్నా తాకట్టు పెట్టారా, లేక మతే పోయిందా?"

ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పోయినట్టే ఉంది," అన్నాడు మెల్లగా.

గుమ్మంలో చెప్పులేసుకుంటున్న కూతురు ఆగిపోయింది. నాన్న ఎప్పుడూ అమ్మ మాటకి మాట అప్పజెప్పేవాడే తప్ప ఇలా ఒప్పుకునే మనిషి కాదు. ముక్కు సంగతి ఆమెకి తెలుసు. కానీ ఆయన అన్నది ముక్కు గురించి కాదని అప్పటికి తట్టలేదు.

ఇంటి వెనక షెడ్డులో తండ్రీ కూతుళ్ళు పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేస్తారు. ఇప్పుడక్కడ ఉన్నది ఓ ఎర్ర కారు. కంప్యూటరూ లేదు, వైర్ల గోలా లేదు. బెల్టుతో తిరిగే ఓ ఇనప పంపు సన్నటి గొట్టాల్లోంచి ఇంజనుకి పెట్రోలు చిమ్ముతుంది. ఎంత చిమ్మాలో పంపు పక్కనున్న ఒక్క స్క్రూ చెబుతుంది. ఆ స్క్రూ తిప్పడంలోనే ఉంది ఆయన పనితనమంతా. ఇంజను ఆన్ చేసి, పొగలో పచ్చి పెట్రోలు వాసన తగిలేదాకా తిప్పి, తగలగానే కాస్త వెనక్కి తిప్పుతాడు. మీటర్లు తెచ్చిపెడితే, "నా ముక్కుండగా అవెందుకు?" అనేవాడు. షెడ్డులో ఆయనదో కట్టడి కూడా ఉంది. పంపు మీద ఒకే చెయ్యి. ఒకరు పెట్టినదాన్ని వాళ్ళకి చెప్పకుండా ఇంకొకరు ముట్టుకోకూడదు.

కూతురు చెప్పులు విప్పి లోపలికి వచ్చేలోపే ఆయన ఫోన్ అందుకున్నాడు. అవతల కారు యజమాని.

"అయ్యా, ఆ పంపు తీసేసి మామూలు బళ్ళకుండే కార్బురేటర్లు పెట్టించేసుకోండి. మంచి మెకానిక్కుని నేనే చూపిస్తాను... లేదండీ, పంపు శుభ్రంగా ఉంది. నావల్లే కావట్లేదు."

కూతురికి ఒళ్ళు మండింది. "అదేంటి నాన్నా? ప్రతి ముక్కా విప్పి, కడిగి, బిగించుకుంటూ ఇన్నాళ్ళు చాకిరీ చేశాం. ఇప్పుడు తీసి పారేస్తారా?"

"కేకలెయ్యకు. రా, చూపిస్తాను."

షెడ్డులో కారు ముందు మూత ఎత్తి టార్చి వేశాడు. "నిన్న పొద్దున ఈ స్క్రూ గాటు అడ్డంగా ఉండేలా పెట్టాను. ఇప్పుడెలా ఉంది?"

గాటు నిలువుగా ఉంది.

"మొన్నా ఇంతే. అంతకుముందూ ఇంతే. స్క్రూ పట్టుకునే స్ప్రింగు వదులైందేమోనని మార్చాను. అయినా మారుతోంది. స్క్రూలు వాటంతటవి తిరగవు కదమ్మా." ఆయన టార్చి ఆర్పేశాడు. "అంటే నేను పెట్టలేదు. పెట్టానని అనుకుంటున్నాను. మీ తాతయ్యకీ ఇలాగే మొదలైంది. తాళం వేశానని వెయ్యకుండా వచ్చేవాడు. చివరికి నన్నే చూసి, ఎవరు బాబూ నువ్వు, అని అడిగాడు. మతి తప్పుతున్నవాడు జనం ఎక్కే బండి మీద చెయ్యి వెయ్యకూడదు. రేపట్నుంచి షెడ్డు మూసేద్దాం."

వెనక తలుపు దగ్గర అమ్మ తోముతున్న గిన్నె అలాగే చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. మతి పోయిందా అని ఇందాక తను విసిరిన మాట గుర్తొచ్చిందేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన కొన్నాళ్ళుగా పెట్రోలు ఎక్కువ పెడుతున్నాడు. వాసన తగలట్లేదు కనక ఇంకా ఇంకా తిప్పుతున్నాడు. అది కనిపెట్టి, మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు కూతురు వచ్చి సరిచేసి పోతోంది. నాన్న మనసు కష్టపెట్టకుండా గడుపుకొస్తున్నానని మురిసిపోయింది కూడా.

"నేనే తిప్పాను నాన్నా."

ఆయనకి అర్థం కాలేదు. "ఏం తిప్పావు?"

"స్క్రూ. రోజూ నేనే తిప్పుతున్నాను, మీరు పడుకున్నాక. మీ మతికేం కాలేదు. మీకు వాసన తెలియట్లేదు. పెట్రోలు గుప్పుమంటున్నా ఇంకా పెంచుతున్నారు."

"నాకా? వాసన తెలియట్లేదా?"

ఆయన పెట్రోలు డబ్బా మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. డబ్బా కింద పెట్టి, నూనె గుడ్డ తీశాడు, సబ్బు తీశాడు, ఆఖరికి తన అరచేతులే వాసన చూసుకున్నాడు. కొద్దికొద్దిగా పోయింది కనక పోయిన సంగతే ఆయనకి తెలియలేదు. అలా ఒక్కొక్కటీ వెతుక్కుంటుంటే కూతురు చూడలేకపోయింది.

"ఈ మాట నాతో అనడానికి నీకు నోరు రాలేదు," అన్నాడు చివరికి. "పంపు మీద వెయ్యడానికి మాత్రం చెయ్యొచ్చింది."

"బాధపడతారని చెప్పలేదు నాన్నా."

"పడేవాణ్ణే. ముక్కు పోయిందని ఓ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేవాణ్ణి. కానీ నువ్వు నన్ను నేనే నమ్ముకోకుండా చేశావు. మీ అమ్మ పేరు మర్చిపోతానేమోనని రోజూ లేవగానే లోపల అనుకుని చూసుకుంటున్నాను, తెలుసా?"

ఆమె ఇంజను మీద చెయ్యి ఆన్చి బావురుమంది. నాన్న ఓదార్చలేదు. ఓదార్చాలని ఆమె కూడా ఆశపడలేదు.

అమ్మ గిన్నె పక్కన పెట్టి వచ్చి భర్త పక్కన నిలబడింది. ఆయన తల ఆమె భుజం మీద వాల్చి గట్టిగా వాసన పీల్చి చూశాడు.

"నీ దగ్గర కూడా ఏమీ తెలియట్లేదే."

"మాడిన పాల కంపు, మసి కంపు. మీరేం పెద్ద నష్టపోలేదు లెండి," అందామె. అంటూనే కళ్ళు తుడుచుకుంది. ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే ఆగింది. పోయినది మళ్ళీ రాదేమోనని ముగ్గురికీ తోచింది.

చాలాసేపటికి ఆయన స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. "వెనక్కి పో," అన్నాడు కూతురితో.

"ఇంటికా?"

"కారు వెనక్కి. పొగ దగ్గరికి."

ఇంజను దడదడమంటూ లేచింది. ఆయన తిప్పాడు. "ఎలా ఉంది?"

బాగుంది నాన్నా అనే మాట అలవాటు కొద్దీ నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"బాలేదు. ఎక్కువుంది."

ఆయన ముఖం కాస్త ముడుచుకుంది. అయినా వెనక్కి తిప్పాడు. "ఇప్పుడు?"

"ఇంకా ఉంది నాన్నా."

మళ్ళీ తిప్పాడు. ఆమె ముఖం పొగకి దగ్గరగా పెట్టి, కళ్ళు మండుతున్నా నిదానంగా పీల్చింది. "చాలు. అక్కడే ఉంచండి."

ఆయన ఇంజను ఆపి, టార్చి వెలిగించి ఆమె చేతికిచ్చాడు.

"గాటు ఎలా ఉందో నువ్వు కూడా చూసి పెట్టుకో తల్లీ," అన్నాడు. "రేపు పొద్దున ఇద్దరం కలిసి చూద్దాం."