పసుపుపచ్చ చొక్కా

"నా బల్ల ఎత్తించడానికి వచ్చింది మీరేనా?"

అమ్మాయి తలెత్తకుండానే అడిగింది. బల్లమీద జానెడు మట్టిబొమ్మ, చుట్టూ గుండీలతో చేసిన పూలు, కాగితం మీద గీసి కత్తిరించిన వాన.

"ఎత్తించడానికి కాదండీ. కంప్యూటర్ యానిమేషన్‌కి మీ నాన్నగారు పిలిచారు," అన్నాడతను.

"రెండూ ఒకటే."

నిజమే. పిల్లల సినిమాలు తీసే ఆ చిన్న స్టూడియో ఆమె నాన్నది. మర్నాటి సాయంత్రానికి వాన సీను సిద్ధంకాకపోతే బొమ్మల పని ఆపేసి అంతా కంప్యూటర్‌కి మార్చేస్తానని తేల్చి చెప్పేశాడు.

ఆమె బొమ్మ తలని వెంట్రుకవాసి తిప్పింది, చినుకుల్ని కాస్త కిందికి జరిపింది, ఫొటో తీసింది. మళ్లీ తిప్పింది. మట్టికి అలా కొంచెం కొంచెంగా ప్రాణం వస్తుంటే అతనికి ముచ్చటేసింది. బొమ్మని చూసో, అమ్మాయిని చూసో మాత్రం అడక్కండి.

"రేపు సాయానికి రానా?"

"రండి. ఊపిరి మాత్రం మెల్లిగా తీయాలి. కాగితాలు కదులుతాయి."

ఆమె చూపు పడాలని మర్నాడు కొత్త పసుపుపచ్చ చొక్కా తొడుక్కొచ్చాడు. మధ్యాహ్నందాకా బుద్ధిగా చినుకులు అందించాడు. తీరా ఫొటోలన్నీ వరసగా ఆడించి చూస్తే, బొమ్మ ముఖం కామెర్లు వచ్చి పోతున్నట్టుంది. అతను వంగినప్పుడల్లా చొక్కా రంగు దానిమీద పడింది.

"ఇక్కడ నల్లబట్టలే వేసుకోవాలి. చెప్పడం మర్చిపోయాను," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అతను కెమెరామీద కప్పే నల్లగుడ్డ ఒళ్లంతా చుట్టుకున్నాడు. "పదండి, మళ్లీ తీద్దాం."

సాయంత్రం నాన్న సీను చూసి అతనివైపు తిరిగాడు. "ఇదే కంప్యూటర్లో అయితే?"

"ఇందులో సగం టైములో అయిపోతుందండీ."

"మరింకేం?"

"బొమ్మ బుగ్గమీద మీ అమ్మాయి వేలిముద్రలు చూడండి. అవి కదులుతుంటే అది నిజంగా ఊపిరి తీస్తున్నట్టుంది. అది నావల్ల కాదండీ. ఈ బల్ల తీయకండి."

"అప్పుడు నీకు పనుండదుగా?"

"ఉండదండీ."

నాన్న సీను ఇంకోసారి చూశాడు. "సరే, బల్ల ఉండనీ," అని పక్కగదిలోకి వెళ్లాడు.

"కూర్చున్న కొమ్మని మీరే నరుక్కున్నారు. ఎందుకు?" అందామె.

"మీ పని నచ్చింది. మీరు ఇంకా నచ్చారు. జవాబు మెల్లిగానే చెప్పండి, నాకు తొందరేం లేదు."

ఆమె నవ్వింది. "నేను మెల్లిగానే చెబుతాలెండి. మా నాన్నతో మాత్రం ఇప్పుడే మాట్లాడండి. ఆయనకి ఓపిక తక్కువ."