కదలని గీత

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు, ఆఫీసు కార్ పార్కింగ్‌లో, ఓటిస్ బ్రాండ్ అనే ఉద్యోగిని ఒక తెల్ల వ్యాను గుద్ది చంపేసింది. వేగం కూడా తగ్గించలేదు.

బుధవారం పదకొండింటికి సీక్రెట్ ఏజెంట్ డెస్మండ్ క్వార్ల్స్ అదే ఆఫీసులో జిరాక్స్ మెకానిక్ వేషంలో తిరుగుతున్నాడు.

బోస్టన్ శివార్లలోని ఆ భవనం నుంచే హెరాన్‌ను నడుపుతారు. అది అంతరిక్షంలో ఉన్న ఎక్స్‌రే టెలిస్కోప్. పేలిన నక్షత్రాలూ బ్లాక్ హోల్సూ వెదజల్లే ఎక్స్‌రేలు మన గాలిని దాటి కిందికి రావు. చూడాలంటే పైకి పోవాల్సిందే.

ఆ ఉదయమే అతని పై అధికారి కల్నల్ ప్రెంటిస్ ఇచ్చిన బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. రేపు చంద్రుడికి అవతల ఒక శత్రుదేశం రహస్యంగా అణుపరీక్ష చేయబోతోంది. ఆ మెరుపును పట్టగల కన్ను హెరాన్ ఒక్కటే. ఆ కన్ను పొడవడానికి ఆ దేశం పంపిన ముఠా ఒకటి దిగింది. టెలిస్కోప్‌ను సూర్యుడి వైపు తిప్పితే చాలు, లోపలి డిటెక్టర్లు మాడిపోతాయి.

"పైకి పంపే ఆదేశాలను ఆఖరుసారి సరిచూసేవాడు ఓటిస్. అందుకే పోయాడు," అన్నాడు కల్నల్.

"లోపల మనవాళ్ళెవరు?"

"సిల్వీ మోర్గెన్. ముఠా మనిషిలా నటిస్తోంది."

సిల్వీ నడుస్తుంటే వరండాలో కబుర్లు ఆగిపోయేవి. ఆకుపచ్చ పట్టు స్కార్ఫు, తొందరపడని నడక. జిరాక్స్ మిషన్ దగ్గర ఆగి, నిమ్మకాయ ఉందా అని అడిగింది. ఉప్పే ఉందన్నాడు డెస్మండ్. కోడ్ కుదిరింది. ముఠా ఇచ్చిన ఫైలును తాను మార్చేశాననీ, మధ్యాహ్నం వెళ్ళేది శుభ్రమైన ఫైలేననీ చెప్పి, నవ్వి వెళ్ళిపోయింది.

పని అయిపోయింది, బయటికి వచ్చెయ్యమని చెవిలోని ఇయర్‌పీస్‌లో కల్నల్ చెప్పాడు. ఇంత తేలిగ్గా అయిపోయిందంటే డెస్మండ్‌కు నమ్మకం కుదరలేదు, కాళ్ళు కదల్లేదు. కదలకపోవడమేమిటి, బాగుచేసే నెపంతో కంట్రోల్ రూమ్ ప్రింటర్ విప్పి దాని ముందు కూర్చున్న దగ్గర్నుంచీ కుడి కాలు ఊగుతూనే ఉంది. డబ్బాలో మరలు గలగలమంటున్నాయి.

"ఆ కాలు కాస్త ఆపు నాయనా," అంది విన్నీ టార్బెల్. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిని ఏలుతున్న కంట్రోలర్. "ఇక్కడ ఊగే హక్కు హెరాన్‌కే ఉంది."

"అదీ ఊగుతుందా?"

ఆమె స్క్రీన్ మీద మెలికలు తిరుగుతున్న పచ్చ గీతను చూపించింది. నక్షత్రాన్ని చూస్తున్నంతసేపూ టెలిస్కోప్‌ను కావాలనే కొద్దికొద్దిగా ఊపుతారట. కుదురుగా నిలబెడితే ఎక్స్‌రేలన్నీ డిటెక్టర్‌లో ఒకే చోట పడి, అక్కడి లోపాలే నక్షత్రంలా కనబడతాయట.

రెండూ పదికి హెరాన్‌తో లైను కలిసింది. ఓటిస్ కుర్చీలో సిల్వీ కూర్చుంది. అక్కడి పద్ధతి ప్రకారం ఒకరు ఆదేశం పేరు చదవాలి, రెండోవారు కాగితంలో చూసి తిరిగి చెప్పాలి, అప్పుడే మీట నొక్కాలి. విన్నీ కళ్ళు లావుపాటి రూల్సు బైండర్ మీదే ఉన్నాయి. గీత చూడటం ఓటిస్ పని.

ఓటిస్ లేడు. డెస్మండ్ చూశాడు.

హెరాన్ ఇకమీదట ఎలా కదలాలో చూపే కొత్త ఫైలు గీత స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. ఇరవై నిమిషాల దాకా ఒక్క మెలిక లేదు. ఆ తర్వాత ఒక్కసారిగా సూర్యుడున్న పక్కకు తిరిగిపోయింది.

భూమిని ఫోటోలు తీసే గూఢచారి శాటిలైట్లు నడిపేవాళ్ళ చేతిరాత అది. వాళ్ళకు కదలకపోవడమే గొప్ప.

సిల్వీ చదివింది. విన్నీ తిరిగి చెప్పింది. సిల్వీ వేలు మీట మీదికి దిగుతుండగా డెస్మండ్ మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చాడు.

"విన్నీ మేడమ్, ఇది ఊగడం లేదేం?"

విన్నీ తలెత్తింది. గీతను చూసిన క్షణంలో ఆమె ముఖం పాలిపోయింది.

సిల్వీ స్కార్ఫులోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని చివర రంగు లేదు, చిన్న తుపాకీ గొట్టం ఉంది. "చెయ్యి తియ్యి డార్లింగ్. నువ్వు మెకానిక్‌వి, మెకానిక్‌లాగే ఉండు."

డెస్మండ్ చెయ్యి తీయలేదు. తుపాకీ పేలేలోపే నాలుగు కిలోల బైండర్ సిల్వీ మణికట్టు మీద పడింది. గుండు సీలింగులో దిగింది, చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన గార్డులు సిల్వీని పట్టుకున్నారు. ఇంతకాలానికి రూల్సు పనికొచ్చాయని గొణిగింది విన్నీ.

లైను తెగడానికి నలభై సెకన్లు. పాత ఫైలు తెరిచి విన్నీ చదివింది, డెస్మండ్ తడబడుతూనే తిరిగి చెప్పాడు. మీట నొక్కారు. పచ్చ గీత మళ్ళీ మెలికలు తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం చంద్రుడి అవతలి మెరుపును హెరాన్ కణం కణం లెక్కపెట్టి కిందికి పంపింది. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన డెస్మండ్‌ను విన్నీ ఎగాదిగా చూసింది.

"ఇక నీ కాలు ఎంతసేపైనా ఊపుకో నాయనా. నువ్వు విప్పిన ప్రింటర్ మాత్రం బిగించి వెళ్ళు."