పేరు మార్చారు, గోత్రం మార్చలేదు

మైలవరంలో వెంకటప్పయ్య పోయిన తీరు పగవాడికి కూడా రాకూడదు. ఉదయం కాఫీ తాగుతుండగా కాలింగ్ బెల్ మోగింది. "కొరియరండీ" అన్నారెవరో. ఆయన గ్లాసు పక్కన పెట్టి వెళ్ళి తలుపు తీశాడు. సైలెన్సర్ తొడిగిన పిస్టల్ ఎవరో దగ్గినంత చప్పుడు చేసింది. కాఫీ చల్లారకముందే మనిషి చల్లబడ్డాడు.

ఏజెంట్ తారిక్ చీరల మూట భుజాన వేసుకుని, ఊరూరా తిరిగే బట్టల వ్యాపారి వేషంలో అక్కడికి చేరేసరికి గుమ్మంలో శవం, పక్కన చిన్న కాషాయరంగు కవరు ఉన్నాయి. కవర్లో కుంకుమ పొట్లం, పటికబెల్లం, ఎండుకొబ్బరి ముక్క. ముసలాయన పూజలూ పునస్కారాలూ ఉన్నవాడే కదా అనుకుని తారిక్ దాన్ని పట్టించుకోలేదు. ఆ కవరు వంక ఇంకొక్కసారి చూసి ఉంటే ఆ రోజు అతను అంత నరకం పడేవాడు కాదు.

"మీ మీద ఈగ వాలనివ్వను బాబాయిగారూ" అని మాటిచ్చింది తారికే. ఇప్పుడు ఈగలు వాలుతుంటే తువ్వాలు కప్పింది కూడా తారికే.

సంగతేమిటంటే, బందరు దగ్గర కట్టబోయే రాడార్ స్టేషన్ ప్లాన్లని ఒక విదేశీ ముఠా దొంగిలించింది. ముఠా నాయకుడు దొరికాడు. కానీ ప్లాన్లు చేతులు మారేటప్పుడు వాడి మొహం చూసినవాళ్ళు ఇద్దరే: డ్రాఫ్ట్స్‌మన్ వెంకటప్పయ్య, టైపిస్టు జ్ఞానేశ్వరి. సోమవారం వాళ్ళు కోర్టులో వాడిని వేలెత్తి చూపించాలి. చూపించేవాళ్ళు లేకపోతే వాడికి బెయిలు, ఆ సాయంత్రమే విమానం. అందుకే ఇద్దరికీ పేర్లు మార్చి చెరో ఊళ్ళో దాచారు. ఇప్పుడు మిగిలింది జ్ఞానేశ్వరి ఒక్కతే.

బెజవాడ గవర్నరుపేటలో ఒక సందులో "మంగళగిరి చీరల హోల్‌సేల్ డిపో" అని బోర్డు ఉంటుంది. చీరల బేళ్ళ వెనక ఒక తలుపు, ఆ తలుపు వెనక తారిక్ పనిచేసే రహస్య శాఖ. అది ఆఫీసని పోస్ట్‌మన్‌కి కూడా తెలియదు.

చీఫ్ సాంబశివరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మైలవరం అడ్రస్ ఎంతమందికి తెలుసు?"

"ముగ్గురికండీ. మీకు, నాకు, ఆయనకి."

"ఆయన పోయాడు. నేను చెప్పలేదు."

"సార్, నా మీదే అనుమానమా?"

"పిస్టల్, ఐడీ కార్డు ఇక్కడ పెట్టు. సోమవారం దాకా నా కంటికి కనపడొద్దు."

"జ్ఞానేశ్వరిగారి సంగతేంటండీ?"

"ఆవిడ అడ్రస్ కూడా మనిద్దరికే తెలుసు. నా భయం అదేనయ్యా."

తారిక్ రోడ్డు మీదకొచ్చి పడ్డాడు. మూట లేదు, పిస్టల్ లేదు. జేబులో ఒక సెల్‌ఫోను, శాఖవారు బోలెడు ఖర్చుపెట్టి తయారుచేయించిన ట్రాన్స్‌మిటర్ పెన్ను మిగిలాయి. పెన్ను ఏ రోజూ సంకేతం పంపిన పాపాన పోలేదు, సరిగ్గా రాసిందీ లేదు.

భవానీపురంలో జ్ఞానేశ్వరిని దాచిన ఇంటికి ఫోన్ చేశాడు. ఎంగేజ్. మళ్ళీ చేశాడు. ఎంగేజ్. ఆ ఇల్లు లక్ష్మీనరసమ్మ అనే రిటైర్డ్ టెలిఫోన్ ఆపరేటర్‌ది, శాఖకి నమ్మకస్తురాలు. ముక్తసరిగా మాట్లాడి పెట్టేసే మనిషి. ఆవిడ ఫోను అంతసేపు ఎంగేజ్ రావడం ఏమిటి?

ఆటో ఎక్కాడు. ఆటో కెనాల్ రోడ్డు దాటలేదు. డిసెంబరు, భవానీ దీక్షల విరమణ. అమ్మవారి కొండ చుట్టూ ఎర్రబట్టల భక్తులు ఇసుక వేస్తే రాలనట్టున్నారు. ఘాట్ రోడ్డు మూసేశారు, చిట్టినగర్ సొరంగం వైపు బళ్ళు కదలడం లేదు. "నడిచెళ్ళినా సాయంత్రమవుద్దండీ" అన్నాడు ఆటో అతను, ఇంజను ఆపేసి.

అప్పుడు సెల్‌ఫోన్ మోగింది. ఆడగొంతు.

"నూజివీడు రసాలు వచ్చాయా?"

"డిసెంబరులో రసాలు అడిగేవాళ్ళు పిచ్చివాళ్ళన్నా కావాలి, మనవాళ్ళన్నా కావాలి" అన్నాడు తారిక్. కోడ్ కలిసింది.

ఆమె జుబియా. ముఠా దగ్గర జీతం తీసుకుంటుంది, శాఖకి కబుర్లు అందిస్తుంది. చూపు తిప్పుకోలేనంత అందగత్తె. ఆమెని రెండు వైపులా ఎవరూ నమ్మరు, రెండు వైపులా ఎవరూ వదులుకోరు.

"బీసెంట్ రోడ్డు, కూల్‌డ్రింకు షాపు పైన. పరిగెత్తుకు రండి. ముసలాయన్ని చంపుతారని నాకు చెప్పలేదు" అంది జుబియా.

తారిక్ జనంలోంచి దూసుకుంటూ పరిగెత్తాడు.

మేడ మీద గదిలో చల్లగా ఏసీ, వరసగా కంప్యూటర్లు. జుబియా తప్ప మనుషులు లేరు. ఒక స్క్రీన్ మీద దీపారాధన బొమ్మ, కింద పెద్ద అక్షరాలు: ఇంటింటార్చన డాట్ కామ్. మీ పేరు, గోత్రం, నక్షత్రం, పుట్టినతేదీ, అడ్రస్ ఇవ్వండి. ఉచితంగా అర్చన చేయించి ప్రసాదం ఇంటికి పంపిస్తాం.

"ప్రసాదం" అన్నాడు తారిక్. కాషాయరంగు కవరు కళ్ళముందు కదిలింది. "కుంకుమ, పటికబెల్లం, ఎండుకొబ్బరి."

"అదే. ఈ సైటు ముఠాదే. మీ ఆఫీసులో వాళ్ళు ఎవర్నీ కొనలేదు. కొనాల్సిన పనే లేదు. గుంటూరు నుంచి ఏలూరు దాకా, నెట్ సెంటర్ ఉన్న ప్రతి ఊళ్ళోంచీ జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెబుతున్నారు."

ఆమె కీబోర్డు మీద టకటకా కొట్టింది. రెండు వరసలు పక్కపక్కన వచ్చాయి.

"మూడు నెలల క్రితం బందరులో జ్ఞానేశ్వరి పిన్ని, అమ్మాయికి పెళ్ళి కుదరాలని అర్చన చేయించింది. పూతిమాష గోత్రం, శతభిషా నక్షత్రం, పుట్టినతేదీ ఇదీ. ఇప్పుడు భవానీపురం నుంచి సువర్చల అనే ఆవిడ చేయించుకుంది. పేరు వేరు. గోత్రం చూడండి, నక్షత్రం చూడండి, పుట్టినతేదీ చూడండి."

తారిక్ చూశాడు. ఒక్కటే. సువర్చల పేరు తను పెట్టిందే.

"పేరు మార్చారు. గోత్రం మార్చలేదు. ముసలాయనా అంతే" అంది జుబియా. "దేవుడి దగ్గర ఎవరు అబద్ధమాడతారండీ? మన దగ్గర దాచుకునేంత ఏముందిలే అనుకుంటారు. నిజమే, ఒక్కొక్కళ్ళ దగ్గర ఏమీ లేదు. అందరివీ ఒకచోట పోగేస్తే మాత్రం, పేరు మార్చుకున్నవాళ్ళు బియ్యంలో రాళ్ళలాగా ఇట్టే దొరికిపోతారు."

తారిక్‌కి తల కొట్టేసినట్టయింది. ఉత్తరాలు రాయొద్దన్నాడు, ఫోన్లో మాట్లాడొద్దన్నాడు, కిటికీ దగ్గర నిలబడొద్దన్నాడు. మేడ మీద హాల్లో లేసు గుడ్డ కప్పిన కంప్యూటర్ని చూసి కూడా, దాని సంగతి ఒక్కమాట చెప్పలేదు. దానికి చెవులుంటాయని అతనికి తట్టలేదు.

"ప్రసాదం ఎప్పుడు బయల్దేరింది?"

"ఇందాకే. పట్టుకెళ్ళినవాడు ఆటో ఎక్కలేదు. భక్తుల్లో కలిసి నడిచి వెళ్తున్నాడు."

తారిక్ చీఫ్‌కి ఫోన్ చేసి నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆయన వెంటనే అందుకున్నాడు. "జీపు పంపుతాను. కానీ ఊళ్ళో పోలీసులందరూ కొండ దగ్గరే ఉన్నారు, దారి లేదు. ఆ ఇంటికి ఫోన్ చెయ్యి."

"ఎంగేజ్ వస్తోంది సార్."

"వస్తుంది" అంది జుబియా. "ఆ ఫోను లైను మీదే జ్ఞానేశ్వరి ఇప్పుడు నెట్‌లో ఉంది. ఈ సైట్లోనే ఉంది. పంతులుగారితో మాట్లాడుతోంది."

స్క్రీన్ మూలన చిన్న డబ్బా: పంతులుగారిని అడగండి. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. సువర్చల: సోమవారం నాకు గండం గడుస్తుందంటారా పంతులుగారూ?

"ఆ పంతులెక్కడ?" అన్నాడు తారిక్.

"నేనే."

తారిక్ ఆమె వంక చూశాడు. గోళ్ళకి ఎర్ర రంగు, చెవులకి వజ్రాల దిద్దులు.

"ఇన్నాళ్ళూ జనం కష్టాలన్నీ విన్న పంతుల్ని నేనే. భయాలు, జబ్బులు, అత్తగారి ఆరళ్ళు, అన్నీ చెబుతారు. అవన్నీ కూడా ముఠావాళ్ళు దాచిపెట్టుకుంటారు." ఆమె కుర్చీలోంచి లేచింది. "నేను టైపు చేస్తే మీరు నమ్మరు. మీరే కొట్టండి."

తారిక్ కూర్చున్నాడు. తొందరలో ఒక అక్షరానికి రెండు పడుతున్నాయి.

పంతులుగారు: తలుపు తీయకండి. ప్రసాదం తెచ్చేవాడు హంతకుడు. నేను తారిక్‌ని.

కర్సర్ మిణుకుమంటోంది. చాలాసేపటికి జవాబు వచ్చింది.

సువర్చల: ఏ తారిక్?

ఆ జవాబు నేర్పింది అతనే. నా పేరు చెప్పి ఎవరొచ్చినా నమ్మొద్దు, ఎదురు ప్రశ్న వేయండి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. శిష్యురాలు పాఠం బాగానే ఒంటపట్టించుకుంది.

పంతులుగారు: మైలవరం ఆయన్ని పొద్దున్న చంపేశారమ్మా.

సువర్చల: మైలవరంలో నాకెవరూ తెలియదండీ.

తారిక్‌కి ఏడుపొచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, కాల్పుల్లో బెదరనివాడు, కీబోర్డు ముందు చెమటలు కక్కుతున్నాడు.

సువర్చల: బెల్ మోగింది. లక్ష్మీనరసమ్మగారు కిందికి వెళ్తున్నారు. మీరు తారిక్ అయితే ఏదన్నా గుర్తు చెప్పండి. త్వరగా.

ఏం చెప్పాలి? పుట్టినతేదీ స్క్రీన్ మీదే ఉంది. ఊరు ఉంది, పిన్ని పేరు ఉంది. ఆమెకి వచ్చే పీడకలలు కూడా ఉన్నాయి, పంతులుగారికి చెప్పుకుంది కాబట్టి. తారిక్‌కి తెలిసినవన్నీ ఈ పెట్టెకీ తెలుసు. పెట్టెకి తెలిసినవన్నీ హంతకులకీ తెలుసు. ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య మిగిలింది ఇంకేముంది? యా అల్లా, ఒక్కటి చూపించు, ఒక్కటి.

పెసరట్టు.

రంజాన్ నెలలో ఆమెని ఆ ఇంట్లో దింపినరోజు. చీరల బేళ్ళ మధ్య ట్రాలీ ఆటోలో కూర్చోబెట్టి తెచ్చాడు. దిగగానే ఆమె స్వయంగా పెసరట్టు వేసి పెట్టింది. తను రోజా ఉపవాసంలో ఉన్నాడు. వద్దంటే చిన్నబుచ్చుకుంటుందని, అటు తిరగ్గానే రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట ఎవరూ ఎక్కడా రాయలేదు. రాసేంత విషయమా అది?

పంతులుగారు: నేను రోజాలో ఉంటే మీరు పెసరట్టు పెట్టారు. రుమాల్లో దాచాను. నూనె జేబుకి అంటింది. మీరు చూసి పడీ పడీ నవ్వారు.

స్క్రీన్ మీద ఒక్క ముక్క పడింది: యూజర్ డిస్‌కనెక్టెడ్.

నమ్మి కట్ చేసిందా? లైనే పోయిందా? తారిక్ ఫోను అందుకుని నంబరు నొక్కాడు. ఈసారి రింగ్ అవుతోంది. అవుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు. జుబియా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. తారిక్ మళ్ళీ చేశాడు, మళ్ళీ చేశాడు. వెంకటప్పయ్య మీద కప్పిన తువ్వాలే గుర్తొస్తోంది. ఇంకో తువ్వాలు కప్పే శక్తి తనకి లేదనుకున్నాడు.

చివరికి ఎవరో ఎత్తారు. వెనకాల ఒకటే గోల.

"తారిక్ బాబూ" అంది లక్ష్మీనరసమ్మ, ఆయాసపడుతూ. "నేను గడియ మీద చెయ్యి వేశాను. ఈ పిల్ల మెట్ల మీంచి ఒక్క ఉరుకు ఉరికి నా కొంగు పట్టి లాగింది. వెల్లకిలా పడ్డాను. అదే టైముకి తలుపుకి బొక్క పడింది నాయనా. నిలబడుంటే నా గుండెల్లోంచి పోయేది."

"వాడేడీ?"

"ఇద్దరం డాబా ఎక్కి దొంగా, దొంగా అని అరిచాం. వీధినిండా భవానీలేగా. వాడు ఎటు పోతాడు? ఇరుముళ్ళు దించి పక్కన పెట్టి మరీ ఉతుకుతున్నారు. నా నడుం పట్టేసింది బాబూ, అయినా ఇంకాసేపు చూసి పడుకుంటాను."

తర్వాత ఫోనులో జ్ఞానేశ్వరి గొంతు వినిపించింది. "తారిక్‌గారూ, ఆ రుమాలు ఉతికించారా?"

తారిక్ ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుండిపోయాడు.

జుబియా కంప్యూటర్ మూత విప్పి హార్డ్‌డిస్క్ తీసి అతని చేతిలో పెట్టింది. "ముఠా మనుషులందరూ ఇందులోనే ఉన్నారు. నా పేరు మాత్రం ముందే తీసేశాను." అతను తలెత్తేసరికి గదిలో అత్తరు వాసన తప్ప ఆమె లేదు.

సోమవారం కోర్టులో జ్ఞానేశ్వరి వేలు వణకలేదు. నాయకుడికి బెయిలు రాలేదు. హార్డ్‌డిస్క్‌లోని పేర్ల ప్రకారం మిగతా ముఠాని ఒక్కొక్కళ్ళనే ఏరి తెచ్చారు.

సాయంత్రం చీఫ్ తారిక్‌ని పిలిచి ఎదురుగా కూర్చోమన్నాడు.

"నిన్ను అనుమానించాను. తప్పు నాదేనయ్యా."

"వెంకటప్పయ్యగారు ఉంటే బాగుండేదండీ" అన్నాడు తారిక్. చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరే గానీ, మామూలు జనం ఈ నెట్ అంటే ఎంత భయపడాలంటావు?"

"ఇంటికి తాళం వేసుకునేంత చాలు సార్. తాళం వేసి అందరం ఊళ్ళు తిరగడం లేదా? కాకపోతే ఇక్కడ తాళంచెవి తీసుకెళ్ళి మొహం తెలియనివాడి చేతిలో పెడుతున్నాం."

చీఫ్ తలాడించి, పిస్టల్ తిరిగి ఇవ్వడానికి సొరుగు లాగాడు. లాగి, అంతే వేగంగా మూయబోయాడు. సొరుగు ఇరుక్కుంది. పిస్టల్ కింద కాషాయరంగు కవరు ఉంది.

"మా ఆవిడ పోరు పడలేక" అన్నాడు సాంబశివరావు, ఎటో చూస్తూ. "ప్రమోషన్ రావాలని పోయిన నెల చేయించానయ్యా."

"గోత్రం?"

"నిజమే చెప్పాను. దేవుడి దగ్గర అబద్ధమాడతామా?"

"ఇంటి అడ్రస్ ఇచ్చారా సార్?"

చీఫ్‌కి పౌరుషం వచ్చింది. "నాకామాత్రం తెలివి లేదనుకున్నావా? ఇంటి అడ్రస్ ఎందుకిస్తాను? ఆఫీసుదే ఇచ్చాను."

మర్నాడు గవర్నరుపేట చీరల డిపోకి టులెట్ బోర్డు కట్టారు. ఖాళీ చేసే హడావుడిలో సగం ధరకి అమ్మేసిన చీరల వల్ల, రహస్య శాఖకి చరిత్రలో మొదటిసారి లాభం వచ్చింది.