గేటు మీది రాధామనోహరం

ఆళ్లగడ్డ దాటి నంద్యాల రోడ్డుకు మళ్ళగానే నాగేశ్వరమ్మ నర్సరీ. తల్లీ కూతుళ్ళిద్దరే చూసుకుంటారు. ఆ రోజు తుంపర పడుతోంది. తెల్లకారు ఒకటి లోపలికి వచ్చి, వెనక్కి తిరగబోయి, వరుసలో ఉన్న నందివర్ధనం కుండీలు రెండు పగలగొట్టింది.

కూతురు సిరి మట్టి చేతులతోనే వచ్చి నిలబడింది. కారు దిగిన అబ్బాయి చూసుకోలేదన్నాడు.

"కుండీలు ఎదురు రాలేదన్నా. కారే పోయింది వాటి మీదికి."

అతని పేరు ప్రశాంత్. నంద్యాలలో బట్టల అంగడి. కొత్తిల్లు కడుతున్నారు, ముందు వైపు పూలమొక్కలు కావాలి. అయితే వాళ్ళమ్మ మహానందమ్మ షరతులు పెట్టింది. ముళ్ళు ఉండకూడదు, పాలు కారకూడదు, ఆకు రాలకూడదు, పాములొచ్చే వాసన రాకూడదు. తీగలైతే గడప తొక్కకూడదు.

సిరి అంతా విన్నది.

"అట్లయితే ప్లాస్టిక్ పూలు కొనుక్కోండన్నా. మీ అమ్మ తడిగుడ్డతో తుడుచుకుంటాది."

అతను నవ్వాడు. కారెక్కకుండా వానలోనే నిలబడి నవ్వాడు. షెడ్డులోంచి చూస్తున్న నాగేశ్వరమ్మకు ముందు, ఈ పిల్లోడికి జ్వరమొస్తే మన మీదికి వస్తుందేమోనని భయమేసింది. కూతురు కూడా నవ్వడం చూశాక ఆ భయం పోయి ఇంకోటి పట్టుకుంది.

తర్వాత అతను వారం వారం వచ్చాడు. ఒకసారి మందారం, ఒకసారి నూరువరహాలు, ఇంకోసారి రెండు క్రోటన్లు. కారులో అన్నీ ఒకేసారి పట్టేవే. ఐదో తరగతితో బడి మానేసినా నాగేశ్వరమ్మకు అంతమాత్రం తెలుసు.

"మీ నంద్యాల రేగడి మంచిది కాదన్నా," అంది సిరి ఒకరోజు. "వానొస్తే నీళ్ళు వదలదు, ఎండొస్తే నోరు తెరుస్తాది. ఎర్రమట్టి కలపాల."

"మట్టిని తిడతాండావా, నన్నా?"

"మిమ్మల్నెందుకు? మీరు యాడ నోరు తెరుస్తారు? మీ అమ్మ చెప్పిందే చెప్తాండారు."

అతనికి రోషం వచ్చినట్టుంది. సరే, నీ ఇల్లే అయితే గేటు మీద ఏం పెడతావని అడిగాడు. సిరి ఆలోచించకుండా రాధామనోహరం అంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మరునాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉంటాయి.

ఆ తీగ కోసం ప్రశాంత్ వాళ్ళమ్మతో పోట్లాడాడు. మహానందమ్మ అన్నం మానేసింది, అతనూ మానేశాడు. చివరికి ఆమే దిగివచ్చింది. నీ తీగ గెలిచిందని చెప్పడానికి అతను వానలో బండి మీద వచ్చాడు.

ఆ రోజు నుంచి సిరి నోట 'అన్నా' అనే పిలుపు పోయింది. బదులుగా ఇంకేదీ రాలేదు. ఏ పిలుపూ లేకుండా మాట్లాడటం మొదలుపెట్టింది. కన్నతల్లికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నాగేశ్వరమ్మ అడిగేసింది. సిరి దాచలేదు. గృహప్రవేశం కాగానే ఇంట్లో చెప్తానని అతను మాటిచ్చాడట. వాళ్ళ కులమేంది, మనమేంది, చెప్పకపోతే ఏం చేస్తావని తల్లి గుచ్చింది.

"తీగ కోసమే అంత పోట్లాడినోడు, నాకోసం పోట్లాడడా అమ్మా?"

ఎర్రమట్టి ట్రాక్టరులో వెళ్ళింది. సిరి బస్సులో వెళ్ళి ఆ ఇంటి ముందు ఒక్కో మొక్కా తన చేత్తోనే నాటింది, తన ఇంటికి నాటుకున్నట్టే. వెళ్ళిన ప్రతిసారీ నాగేశ్వరమ్మ బస్సు బోల్తా పడినట్టు, గుంటలోంచి పాము లేచినట్టు, చూసినవాళ్ళు ఊరంతా చెప్పుకున్నట్టు ఊహించుకుని వణికిపోయేది. అవేవీ జరగలేదు.

గృహప్రవేశం అయిపోయింది. అతను రావడం తగ్గింది. చివరికి ఒక మధ్యాహ్నం వచ్చి, కుండీల మధ్య తల వంచుకుని నిలబడ్డాడు. అమ్మ వేరే సంబంధానికి మాటిచ్చేసిందన్నాడు. తమవాళ్ళ అమ్మాయేనన్నాడు.

"ఒక్కసారన్నా నా పేరు చెప్పినావా?"

"చెప్తే అమ్మ తట్టుకోలేదు సిరీ."

"తీగకు తట్టుకునింది కదా."

అతను కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే నాగేశ్వరమ్మ షెడ్డులోని మందు సీసాలన్నీ తీసి ట్రంకు పెట్టెలో పెట్టి, తాళంచెవి మొలలో దోపుకుంది. సిరి రాత్రి పెరట్లోకి వెళితే లేచి తొంగి చూసేది. నాలుగు రోజులు ఓర్చుకుని సిరే అడిగింది.

"పురుగుమందు యాడ దాచినావమ్మా? మందారాలకు పిండినల్లి పట్టింది."

తాము నాటిన తోటను ఏడాదిపాటు తామే వచ్చి చూసుకోవడం ఆ నర్సరీ మాట. అందుకే పెళ్ళయిన కొన్నాళ్ళకు నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. కొత్త కోడలు హిమబిందు. తీగ గేటు దాటి గోడమీద పడిందట, ఎలా కత్తిరించాలో తెలియడం లేదట. నేను పోతానులే అంది నాగేశ్వరమ్మ. నాటింది నేను కదా అంది సిరి. ఆడ ఏమైపోతుందోనని తల్లి కూడా బస్సెక్కింది.

తీగ విరగబూసి ఉంది. సిరి కత్తెర తీసుకుని పని మొదలుపెట్టింది. హిమబిందు మంచి పిల్ల, కాఫీ తెచ్చిచ్చి పక్కనే నిలబడి కబుర్లు చెప్పింది.

"దీనికోసం ఆయన అత్తమ్మతో పోట్లాడినాడంట. వచ్చే పెండ్లానికి గేటు బాగుండాలని."

కత్తెర ఒక్క క్షణం ఆగింది. అప్పుడే ప్రశాంత్ గుమ్మంలోకి వచ్చి, వాళ్ళను చూసి అక్కడే నిలిచిపోయాడు. ఇప్పుడు సిరి అరుస్తుందేమో, కత్తెర విసురుతుందేమో అని నాగేశ్వరమ్మ భయపడింది.

సిరి తలెత్తింది.

"ఇది బేగా పెరుగుతాదన్నా. వెదురు దబ్బలు కట్టినారు, వంగిపోతాండాయి. ఇనప కమ్మీలు పెట్టించండి."

హిమబిందు నవ్వి అందుకుంది. "ఆయన్ను అన్నా అంటివి కదా, ఇంక నాకు ఆడబిడ్డవే. ఒట్టి చేతులతో యాడికి పోతావ్?"

లోపలికి పోయి పసుపు కుంకుమ తెచ్చింది. సిరి నుదుట బొట్టు పెట్టి, తమలపాకులు, కొత్త రవికగుడ్డ చేతిలో పెట్టింది. మొగుడి చెల్లెలికి పెట్టినట్టే, మనసారా. సిరి వంగి తీసుకుంది. ఆ ఇంట్లో ఆమెకు దక్కిన మర్యాద అదొక్కటే.

నర్సరీకి రాగానే సిరి రవికగుడ్డ మడత విప్పి, కత్తెరతో సన్నని పేలికలుగా చీల్చింది. వరుసలో ఉన్న రాధామనోహరం పిలకలు ఆసరా లేక వాలిపోయి ఉన్నాయి.

బొట్టు పెట్టి ఇచ్చిన గుడ్డ చించితే అరిష్టమని నాగేశ్వరమ్మ నోటిదాకా వచ్చింది. మింగేసింది. వెదురు పుల్లలు తెచ్చి కూతురి పక్కన కూర్చుని, ఒక్కోటే అందించసాగింది.