చేపల బల్ల దగ్గర దాచిన సంగతి

వాల్దీవియా నది ఒడ్డున చేపల మార్కెట్లో వాన రేకుల మీద దరువేస్తోంది. ఫెర్మిన్ చేపను శుభ్రం చేసి, చేతికందిన కాగితంలో చుట్టబోయాడు.

"ఆగండి! అది పొట్లం కట్టడానికి కాదు!"

తడిసిన జుట్టు, నీలం కోటు. బస్తీ క్లినిక్‌లో ఫార్మసిస్టు నియేవెస్. బల్ల బల్లకీ తిరిగి కాగితాలు పంచుతోంది.

"మరి దేనికండీ?"

"చదవడానికి. కొత్త మందు మొదలెట్టాక ఒంటి మీద ఎర్రమచ్చలొచ్చినా, జ్వరమొచ్చి నోరు పూసినా, కళ్లు మండినా, అదే తగ్గుతుందిలే అని కూర్చోకూడదు. వెంటనే మాకు చెప్పాలి."

"మిమ్మల్ని చూశాక నా మొహం ఎర్రబడింది. రాసుకోండి మరి."

పక్క బల్లలవాళ్లు పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మీరేమైనా మందులు వాడుతున్నారా?"

"నాకెందుకండీ మందులు? రాయిలా ఉన్నాను!"

అది అబద్ధం. వారం క్రితమే డాక్టరు అతనికి ఫిట్స్ తగ్గడానికి కొత్త మాత్ర రాశాడు. ఆ సంగతి వాళ్లమ్మ ఎదెల్మీరాకు తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే తన చేతిలో కత్తి ఉండనివ్వరని అతని భయం.

మరుసటి గురువారం నియేవెస్ చేప కొనడానికి వచ్చింది. ఆ పై గురువారం కూడా. అతను ఏడిపించేవాడు, ఆమె కసిరేది. వెళ్లేటప్పుడు మాత్రం గొడుగు చాటున చిన్నగా నవ్వుకునేది.

నాలుగో గురువారం ఫెర్మిన్ ఆమెను చూసి కూడా ఏమీ అనలేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పెదాలు పగిలాయి.

"ఏమైంది?"

"చలిగాలి."

చొక్కా కాలర్ పక్కన ఎర్రమచ్చలు కనిపించాయి. నియేవెస్ గొంతు తగ్గించింది. "ఫెర్మిన్, ఏ మందు వాడుతున్నారు? నిజం చెప్పండి."

చుట్టూ అందరూ చెవులు రిక్కించారు. అతను కత్తి బల్ల మీద పెట్టేశాడు.

"ఫిట్స్ మాత్ర. నెల కావస్తోంది."

ఆమె అక్కడికక్కడే డాక్టరుకి ఫోన్ చేసింది. తర్వాతి మాత్ర వేసుకోవద్దని, ఫిట్స్‌కి వేరే మందు ఇస్తామని, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురమ్మని ఆయన చెప్పాడు. పక్క బల్ల ముసలాయన తన బండి తీశాడు. "నీ బల్ల మేం చూసుకుంటాంలేరా, పో!" అన్నారు మిగతావాళ్లు.

త్వరగా రావడం వల్ల గండం తప్పిందన్నారు డాక్టర్లు. అయినా తొమ్మిది రోజులు మంచం దిగనివ్వలేదు.

అయిదో రోజు నియేవెస్ మంచం పక్కన కూర్చుని రిపోర్టు రాసింది. మాత్ర ఎప్పుడు మొదలైంది, మచ్చ ముందు ఎక్కడ వచ్చింది, అన్నీ అడిగింది.

"ఇది రాస్తే ఏమవుతుంది?" అన్నాడు మెల్లగా.

"ఇలాంటివి పోగైతేనే ఏ మందు ఎవరికి పడదో తెలిసేది. ఇంకొకరు ఇంతదాకా రాకుండా తప్పించుకోవచ్చు."

"అయితే పూర్తిగా రాయండి. దాచింది కూడా."

ఆమె కలం ఆపింది. "నాతో ఎందుకు దాచారు?"

"ఫిట్స్ ఉన్నవాడని తెలిస్తే మళ్లీ మా బల్ల దగ్గరికి రారేమోనని." దుప్పటి అంచు సర్దుకుంటూ అన్నాడు. "చేపలు వేరే చోట కొనుక్కుంటారేమోనని."

"నేను చేపలు తినను, ఫెర్మిన్."

"మరి ప్రతి గురువారం..."

"మా పిల్లి తింటోంది. లావెక్కి గోడ కూడా దూకలేకపోతోంది, పాపం."

నవ్వబోయి నోరు మండి ఆగిపోయాడు. ఆమె కళ్లల్లో మాత్రం నీళ్లు తిరిగాయి. "ఇంకెప్పుడూ నా దగ్గర ఏదీ దాచకు," అంది. మొదటిసారి 'మీరు' అనడం మానేసింది. అతను ఆమె వేళ్లు పట్టుకున్నాడు.

"అయితే ఇది కూడా దాచను. నువ్వంటే నాకిష్టం."

చారు గిన్నెతో వచ్చిన ఎదెల్మీరా తలుపు దగ్గరే ఆగిపోయింది. ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకోబోయారు.

"ఉండనీ అమ్మా, వదలకు," అంది ఆవిడ, గిన్నె మూత తీస్తూ. "ఇన్నాళ్లూ వీడి కోసం నేనొక్కదాన్నే భయపడ్డాను."