లిడ్ పడ్డాక

డెల్ఫీన్ పరుగెడుతోంది!

అధ్యక్ష భవనం కింది అంతస్తు. ఇరుకు కారిడార్. వెనక బూట్ల చప్పుడు...

"డెల్ఫీన్ గారూ!"

కాల్విన్ గొంతు. ప్రెస్ ఆఫీస్ కుర్రాడు. పొద్దున తనకి కాఫీ తెచ్చిచ్చినవాడే!

"సాయంత్రమే లిడ్ వేసేశాం కదండీ! ఇంకా ఇక్కడేం పని మీకు?"

లిడ్ వేశారంటే ఇవాళ్టికి అధ్యక్షుడు గడప దాటడు, వార్తల్లేవు, రిపోర్టర్లు ఇళ్లకి పోవచ్చు అని. అందరూ పోయారు. ఆమే మఫ్లర్ మర్చిపోయి వెనక్కొచ్చింది.

వచ్చి కిటికీలోంచి చూసింది.

వెనక గుమ్మం. లైట్లార్పిన కారు. ఇద్దరు మనుషులు అధ్యక్షుణ్ని మోసుకెళ్తున్నారు... తల వేలాడిపోతోంది. ఒక కాలికి బూటు లేదు!

సరిగ్గా అప్పుడే కాల్విన్ కంట పడింది.

ఇప్పుడు ఎదురుగా రేడియో రిపోర్టర్ల చిన్న బూత్. దూరింది. లోపల్నించి తాళం వేసుకుంది. ఇరవై రెండేళ్లుగా ఈ బిల్డింగ్‌లో తిరుగుతోంది గానీ ఇంత భయం ఎన్నడూ ఎరగదు.

ఫోన్ తీసింది.

ఇవాళ పూల్ డ్యూటీ ఆమెదే. అధ్యక్షుణ్ని దగ్గరుండి చూసి అన్ని పత్రికల తరఫునా రాయాల్సింది ఆమె ఒక్కతే. సొంత పేపర్‌కైనా ముందు చెప్పకూడదు. రాసింది ప్రెస్ ఆఫీస్‌కి పంపాలి. వాళ్లు అక్షరం మార్చకుండా అందరికీ పంపుతారు. ఆమె కళ్ల ముందే ముగ్గురు అధ్యక్షులు మారారు. రిపోర్టర్లని తిట్టినవాళ్లున్నారు, మొహం మీదే తలుపేసినవాళ్లున్నారు. ఈ పద్ధతి జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

గబగబా టైప్ చేసింది.

'అధ్యక్షుడు స్పృహలో లేరు. రహస్యంగా ఎక్కడికో తరలిస్తున్నారు. నా కళ్లతో చూశాను.'

సెండ్!

బూట్లు తలుపు దగ్గర ఆగాయి.

"మేడం... తలుపు తీయండి. కూర్చుని మాట్లాడుకుందాం."

"మాటల్లేవు కాల్విన్! పంపేశాను. ఇంకో నిమిషంలో దేశమంతా చదువుతుంది. చేతనైతే ఆపుకో!"

అవతల చిన్న నవ్వు...

"ఎవరికి పంపారండీ?"

డెల్ఫీన్ ఫోన్ వైపు చూసింది. ప్రెస్ ఆఫీస్‌కి... అంటే వీళ్లకే!

ఫోన్ బజ్‌మంది. పూల్ రిపోర్ట్! ఎప్పటిలాగే అందరితో పాటు ఆమెకీ ఒక కాపీ వచ్చింది. కింద ఆమె పేరే ఉంది.

'అధ్యక్షుడు కుటుంబంతో భోజనం చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. విశేషాలేమీ లేవు. నేను కూడా గేటు దాటి ఇంటికి బయల్దేరాను. డెల్ఫీన్ హార్కర్.'

మళ్లీ చదివింది. ఇంటికి బయల్దేరాను...

ఇంక తనని ఇక్కడ ఎవరూ వెతకరు!

బయట తాళంచెవుల గుత్తి గలగలమంది.